సి ప్రమాణం మార్చడమంటే అసలు ఏమేం మారుతాయి?

2022 మే నెలలో 5.18 వెర్షన్ వచ్చేవరకు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కర్నెల్ 1989 నాటి సి ప్రోగ్రామింగ్ భాషకే కట్టుబడి ఉంది. కచ్చితంగా చెప్పాలంటే గ్నూ89కి, అంటే సి89 ప్రమాణానికి (భాష నియమాల అధికారిక రూపానికి) జీసీసీ కంపైలర్ (కోడును యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాము) తన సొంత సదుపాయాలు కొన్ని జోడించిన రూపానికి. అప్పటికి సి99 (పేరులోని అంకెలు ఆ ప్రమాణపు ఏడాదిని సూచిస్తాయి) వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. సి11, సి17 కూడా వచ్చేశాయి. లెక్కలేనన్ని సర్వర్లలో, ఫోన్లలో నడిచే కోడు 33 ఏళ్ల కిందటి వ్యాకరణంలోనే ఉండిపోవడం బయటివారికి వింతగా కనిపిస్తుంది. చివరికి దాన్ని కదిలించింది ఒక లూపు.

కర్నెల్‌లో ఎక్కడ చూసినా లింక్డ్ లిస్టులే, అంటే ఒక్కో అంశం తన తర్వాతిది ఎక్కడుందో చూపే గొలుసులే. వాటిలోని అంశాలను ఒక్కొక్కటిగా చూపించే మాక్రో (కంపైల్ సమయంలో అసలు కోడుగా విస్తరించే సంక్షిప్త పేరు) ఒకటుంది. దానికి ఇచ్చే పాయింటర్‌ను (మెమరీ చిరునామాను ఉంచుకునే వేరియబుల్‌ను) లూపు కంటే ముందే డిక్లేర్ చేయాలి, ఎందుకంటే సి89లో ఫర్ కుండలీకరణాల లోపల వేరియబుల్ డిక్లేర్ చేసే వీలు లేదు. లిస్టు చివరిదాకా వెళ్లి లూపు మామూలుగా ముగిస్తే ఆ పాయింటర్ ఏ అంశాన్నీ చూపదు. లిస్టు తలనే ఒక అంశంగా భావించి లెక్కగట్టిన తప్పుడు చిరునామా అందులో మిగిలిపోతుంది. లూపు తర్వాత ఎవరైనా దాన్ని వాడితే కంపైలర్ ఏమీ అనదు. వేరియబుల్ ఇంకా బతికే ఉంది కదా!

2022 ఫిబ్రవరిలో ఒక పరిశోధకుడు ఇలాంటి లూపులతో ముడిపడిన భద్రతా లోపాన్ని సరిచేస్తూ ప్యాచ్ పంపారు. చర్చ సాగేకొద్దీ లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దృష్టి మూలం వైపు మళ్లింది. లూపుకు చెందిన వేరియబుల్ లూపు బయట ఎందుకు కనిపించాలి? సి99లో దాన్ని ఫర్ లోపలే డిక్లేర్ చేయవచ్చు. లూపు ముగియగానే ఆ పేరు చెల్లదు, తర్వాత ఎవరైనా వాడితే కోడు కంపైలే కాదు. అప్పుడు కర్నెల్ డెవలపర్ ఆర్ండ్ బెర్గ్‌మన్ మరో సంగతి ఎత్తి చూపారు. కర్నెల్‌కు కావలసిన కనీస జీసీసీ అప్పటికే 5.1 కాబట్టి సి99 దగ్గర ఆగనక్కరలేదు, నేరుగా సి11కే వెళ్లవచ్చు. అలాగే వెళ్లారు.

మన ఇంజనీరింగ్ కళాశాలల్లో టర్బో సి నీలం తెర ముందు సి నేర్చుకున్న తరానికి ఆ పాత నియమం బాగా తెలుసు. వేరియబుళ్లన్నీ బ్లాకు మొదట్లోనే వరసగా రాయాలి, మధ్యలో రాస్తే ఎర్రర్. అది సి భాష స్వభావమనే చాలామంది అనుకున్నారు. నిజానికి అది సి89 పెట్టిన షరతు మాత్రమే.

కర్నెల్ కథలో అసలు కీలకం నాకు మరోచోట కనిపిస్తుంది. ప్రమాణం మార్చాలన్న నిర్ణయం ఒక విధంగా ముందే, 2021లో 5.15 వెర్షన్ కోసం కనీస కంపైలర్‌ను జీసీసీ 5.1కి పెంచినప్పుడే జరిగిపోయింది. జీసీసీ 5 కంటే పాతవి కొత్త ప్రమాణపు పద్ధతిలో కర్నెల్‌లోని కొన్ని స్టాటిక్ వేరియబుళ్ల ప్రారంభ విలువలను ఒప్పుకునేవి కావు. ఆ కంపైలర్లకు వీడ్కోలు చెప్పాక మిగిలిన పని చాలా చిన్నది. బిల్డ్ ఫైల్లో (కోడును ఎలా కంపైల్ చేయాలో చెప్పే ఫైల్లో) ఒక ఆప్షన్ మార్చారు, రుణాత్మక సంఖ్యలను ఎడమకు జరిపే చోట్ల కొత్తగా పుట్టుకొచ్చిన హెచ్చరికలను అణచివేశారు. ఏ ప్రాజెక్టులోనైనా వరస ఇలాగే ఉంటుంది. ఏయే కంపైలర్లను, వాటి వెనకున్న ఏయే వాడుకరులను వదులుకోగలమో ముందు తేల్చుకోవాలి. అది తేలితే ప్రమాణం సంఖ్య దాదాపు దానంతటదే తేలుతుంది. చర్చలు మాత్రం తరచుగా తలకిందులుగా, ‘సి11 బాగుంటుందా, సి23 బాగుంటుందా’ అని మొదలవుతాయి.

ఇంకో మాట. కర్నెల్‌ది సులువైన కేసు. అది నడిచే ప్రాసెసర్లు ఎన్నో ఉన్నా దాన్ని కంపైల్ చేసేవి జీసీసీ, క్లాంగ్ అనే రెండు కంపైలర్లే. పైగా అది సి లైబ్రరీని వాడదు. విండోస్‌లో, మ్యాక్‌లో, బీఎస్‌డీ కుటుంబపు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో, పాత సంస్థాగత యంత్రాల్లో కంపైల్ కావలసిన ప్రోగ్రాముల సంగతి వేరు.

కంపైలర్ ఒప్పుకున్నా లైబ్రరీ ఒప్పుకోవాలి

‘మా ప్రాజెక్టు సి11లో ఉంది’ అన్నప్పుడు కంపైలర్, లైబ్రరీ కలిసిపోయి వినిపిస్తాయి. వ్యాకరణం కంపైలర్ పని. ప్రమాణంలో చెప్పిన ఫంక్షన్లు, హెడర్లు (ఆ ఫంక్షన్లను ప్రకటించే ఫైళ్లు) ఇవ్వడం ఆ వ్యవస్థలోని సి లైబ్రరీ పని. రెండూ వేర్వేరు చేతుల నుంచి, వేర్వేరు కాలాల్లో వస్తాయి. సి11లో చేర్చిన థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే పనుల) హెడర్‌నే చూడండి. లైనక్స్‌లో ఎక్కువగా వాడే గ్లిబ్‌సీలోకి అది 2018లో, 2.28 వెర్షన్‌తో వచ్చింది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ 2020లోనే సి11 ఆప్షన్ ఇచ్చినా ఈ థ్రెడ్లు మాత్రం ఆ తర్వాత కొన్నేళ్లకు గాని రాలేదు. ప్రమాణమే థ్రెడ్లను ఐచ్ఛికమని ప్రకటించింది కాబట్టి, అవి లేకపోయినా సి11 అని చెప్పుకోవడంలో తప్పు లేదు.

విండోస్ ప్రస్తావన వచ్చింది కనుక ఇక్కడ కాస్త ఆగాలి. పోర్టబుల్ ప్రాజెక్టులు ఇన్నేళ్లు సి89ని వదలకపోవడానికి ముఖ్య కారణాల్లో అది ఒకటి. మైక్రోసాఫ్ట్ తన శ్రద్ధంతా సి++ మీద పెట్టింది. సి99లోని ముఖ్య సదుపాయాలు విజువల్ స్టూడియో 2013లో గాని రాలేదు. ప్రమాణం చెప్పినట్టు ప్రవర్తించే ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ (ఇచ్చిన పరిమితిలో స్ట్రింగును తయారుచేసే ఫంక్షన్) కోసం 2015 వెర్షన్ దాకా ఆగాల్సి వచ్చింది. నడిచేటప్పుడు పరిమాణం తేలే అరేలు ఇప్పటికీ లేవు, సి11 వాటిని ఐచ్ఛికం చేసింది గనుక ఇకపై రానక్కరలేదు కూడా. వాటి కోసం నేను కన్నీరు కార్చను. స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) ఎంత ఖర్చవుతుందో చెప్పలేని కోడు అది. లైనక్స్ కర్నెల్ సైతం 2018లో పనిగట్టుకుని తన కోడులోంచి వాటన్నిటినీ ఏరి పారేసింది.

విండోస్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఏ ప్రమాణం అమల్లో ఉందో చెప్పే మాక్రో ఒకటి సి భాషలో ఉంది. సి99 అయితే దాని విలువ 199901, సి11 అయితే 201112, సి23 అయితే 202311. ప్రమాణపు ఆప్షన్ ఇవ్వకపోతే మైక్రోసాఫ్ట్ కంపైలర్ సి కోడుకు ఈ మాక్రోనే ఇవ్వదు. సదుపాయాలు చాలావరకు ఉన్నా ‘199901 కంటే తక్కువైతే ఆపు’ అనే పరీక్షలో అది ఓడిపోతుంది. సంఖ్యను అడగడం కంటే, కావలసిన సదుపాయంతో చిన్న ముక్క రాసి అది కంపైల్ అవుతుందో లేదో చూడడం నమ్మదగిన పద్ధతి.

లైబ్రరీ వైపు నాకు బాగా నచ్చిన ఉచ్చు ఎస్‌టీఆర్‌డప్. స్ట్రింగుకు నకలు తీసే ఈ ఫంక్షన్‌ను అందరూ సి భాషలో భాగమనే అనుకుంటారు. సి23 దాకా అది యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్ సొత్తు. బిల్డ్‌లో గ్నూ99 బదులు కఠినమైన సి99 అని రాస్తే, గ్లిబ్‌సీ హెడర్లు ‘ఇది ప్రమాణంలో లేదు’ అని దాన్ని దాచేస్తాయి. పాత జీసీసీ అప్పుడేం చేస్తుంది? తెలియని ఫంక్షన్ కనబడింది కాబట్టి అది ఇంటిజర్ ఇస్తుందని ఊహించి, హెచ్చరిక ఒకటి రాసి ముందుకు సాగిపోతుంది. 64 బిట్ల యంత్రం మీద పాయింటర్‌లోని పై 32 బిట్లు పోతాయి. ఆ చిరునామా కింది 2 గిగాబైట్లలో పడినంతకాలం ప్రోగ్రాము నడుస్తుంది, తర్వాత ఎక్కడో సంబంధం లేని చోట కూలుతుంది. ప్రమాణాన్ని శుద్ధిగా పాటిద్దామని మార్చిన ఒక్క పదం తెచ్చే ఉపద్రవం ఇది. గ్నూ రూపాన్నే ఉంచడమో, పోసిక్స్ ఫంక్షన్లు కావాలని చెప్పే మాక్రోను అన్ని హెడర్ల కంటే ముందు పెట్టడమో చేయాలి.

అర్థం మారిన మాటలు

కొత్త ప్రమాణం పాతదానికి చేర్పు మాత్రమే అనుకుంటే దెబ్బ తింటాం. కొన్నిచోట్ల అదే కోడు వేరే అర్థాన్నిస్తుంది.

ఫంక్షన్ కోడును పిలిచినచోటే పరచమని సూచించే ఇన్‌లైన్ అన్న మాట ఇందుకు పేరుమోసింది. జీసీసీ పాత పద్ధతిలో ఉత్త ఇన్‌లైన్ అని రాస్తే ఆ ఫంక్షన్‌కు విడిగా ఒక ప్రతి తయారవుతుంది. ఎక్స్‌టర్న్ ఇన్‌లైన్ అంటే తయారు కాదు. సి99లో సరిగ్గా దీనికి వ్యతిరేకం. మారిన మరుక్షణం కొన్ని ఫైళ్లలో లింకర్ (కంపైలైన ముక్కలను కలిపే సాధనం) ‘ఈ ఫంక్షన్ ఎక్కడా లేదు’ అంటుంది, కొన్నింటిలో ‘రెండుచోట్ల ఉంది’ అంటుంది. ఆప్టిమైజేషన్ పెట్టి కంపైల్ చేస్తే మొదటి లోపం బయటపడకపోవచ్చు, కంపైలర్ ఫంక్షన్‌ను పిలిచినచోటే పరిచేస్తుంది గనుక. డీబగ్ బిల్డ్ చేసిన రోజున బయటపడుతుంది. స్టాటిక్ ఇన్‌లైన్‌కు మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకటే అర్థం. పోర్టబుల్ హెడర్లలో అదే రాసి నిశ్చింతగా ఉండవచ్చు.

అవునో కాదో అన్న విలువను ఉంచుకునే బూల్ రకం కథ ఇంకా సూక్ష్మమైనది. సి89 కాలంలో ప్రతి ప్రాజెక్టూ తన బూల్‌ను తానే తయారుచేసుకుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అది క్యారెక్టర్ రకానికి పెట్టిన మారుపేరు. ఒక ఫ్లాగులో 256 విలువున్న బిట్ ఉందో లేదో చూసి, ఆ ఫలితాన్ని నేరుగా అలాంటి బూల్‌లో పెడితే ఏమవుతుంది? ఒక బైటులో 256 పట్టదు, సున్నా మిగులుతుంది. బిట్ ఉన్నా ‘లేదు’ అని జవాబు. సి99 వారి అసలు బూల్ సున్నా కాని ప్రతిదాన్నీ 1గా మారుస్తుంది కాబట్టి జవాబు సరిగ్గా వస్తుంది. అంటే ఇక్కడ ప్రమాణానికి మారడం కొన్ని పాత తప్పులను చడీచప్పుడు లేకుండా సరిచేస్తుంది. దానికి మరో ముఖం కూడా ఉంది. పాత పవర్‌పీసీ మ్యాక్‌లలో కంపైలర్ బూల్‌కు 4 బైట్లు కేటాయించేది, పోస్ట్‌గ్రెస్ డిస్కు మీద రాసుకునే స్ట్రక్చర్లలో మాత్రం అది ఒక బైటే. అందుకే 11వ వెర్షన్‌లో ప్రామాణిక బూల్‌కు మారేటప్పుడు వాళ్లు పరిమాణం సరిగ్గా ఒక బైటు అయితేనే దాన్ని వాడాలని షరతు పెట్టుకున్నారు.

సి23లో ఇలాంటివి ఇంకా ఎక్కువ. బూల్, ట్రూ, ఫాల్స్ ఇప్పుడు భాషలోని కీలక పదాలు. సొంత బూల్ తయారుచేసుకున్న పాత కోడు వ్యాకరణ దోషంగా మారిపోతుంది. ఖాళీ కుండలీకరణాలతో ఫంక్షన్‌ను డిక్లేర్ చేస్తే ఇదివరకు ‘ఆర్గ్యుమెంట్లు ఏవైనా కావచ్చు’ అని అర్థం, ఇప్పుడు ‘ఏవీ లేవు’ అని అర్థం. పారామితుల రకాలను కుండలీకరణాల తర్వాత విడిగా రాసే 1970ల నాటి పద్ధతిని పూర్తిగా తొలగించారు.

వీటికంటే నిశ్శబ్దంగా మారినది ఎస్‌టీఆర్‌టీఓఎల్ అనే, స్ట్రింగును సంఖ్యగా మార్చే ఫంక్షన్. సంఖ్యామూలం సున్నా అని ఇచ్చి ‘0బి101’ అనే స్ట్రింగును (0బి ద్విసంఖ్యకు గుర్తు) అందిస్తే పాత ప్రమాణాల్లో జవాబు సున్నా, సి23లో 5. ఒకే ఫంక్షన్ రెండు రకాలుగా ప్రవర్తించలేదు కాబట్టి 2023లో వచ్చిన గ్లిబ్‌సీ 2.38 కొత్త పేరుతో మరో ఫంక్షన్‌ను చేర్చింది. సి23 అడిగినప్పుడో, గ్నూ అదనపు సదుపాయాలన్నీ అడిగినప్పుడో హెడరే పిలుపును గుట్టుగా అటు మళ్లిస్తుంది. ఫలితంగా కొత్త యంత్రం మీద కంపైల్ చేసిన బైనరీ పాత లైనక్స్ మీద ‘2.38 కావాలి’ అంటూ మొదలుకాకుండానే ఆగిపోతుంది. కోడు రాసినవారు సి23 సంగతి తలవకపోయినా సరే.

ఎంచుకోకపోయినా ఎంపిక జరుగుతుంది

బిల్డ్ ఫైల్లో ప్రమాణం ఏదో రాయని ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. వాటి ప్రమాణాన్ని కంపైలర్ నిర్ణయిస్తుంది. జీసీసీ 5 నుంచి అది గ్నూ11, జీసీసీ 8 నుంచి గ్నూ17, 2025లో వచ్చిన జీసీసీ 15 నుంచి గ్నూ23. అంటే ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని కోడు కూడా కొత్త డిస్ట్రిబ్యూషన్ మీదికి చేరగానే సి23 అయిపోతుంది. జీసీసీ 15తో తిరిగి కంపైల్ చేసినప్పుడు విఫలమైన పాకేజీల్లో చాలావాటికి పైన చెప్పిన బూల్, ఖాళీ కుండలీకరణాలే కారణం. దానికి ఏడాది ముందు జీసీసీ 14 మరో పాత అలవాటును అడ్డుకుంది. డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలవడం సి99 నుంచే నిషిద్ధమైనా అప్పటిదాకా హెచ్చరికతో పోయేది, 14లో అది ఎర్రర్ అయింది.

అందుకని పాత కోడు చేతికి వచ్చినప్పుడు మొదట చేయవలసింది ఏదో ఒక ప్రమాణాన్ని బిల్డ్ ఫైల్లో రాసిపెట్టడం. గ్నూ17 అయినా, గ్నూ89 అయినా పర్వాలేదు. సీమేక్ అనే బిల్డ్ సాధనం వాడేవారు ఒకటి గమనించాలి. ప్రమాణం తప్పనిసరి అనే ఆప్షన్‌ను విడిగా ఇవ్వకపోతే, కంపైలర్‌కు అది చేతకానప్పుడు సీమేక్ ఏ గొడవా లేకుండా పాత ప్రమాణానికి దిగిపోతుంది.

గిట్ వదిలిన బెలూన్లు

పోర్టబుల్ ప్రాజెక్టుల్లో ఈ మార్పును నాకు తెలిసినంతలో అందరికంటే ఓపికగా చేసింది కోడు మార్పుల చరిత్రను దాచే సాధనం గిట్. వాడుకరులు ఎవరెవరో, ఏ యంత్రాల మీద కంపైల్ చేస్తున్నారో దాని డెవలపర్లకు పూర్తిగా తెలియదు. అడిగితే జవాబిచ్చేవారు కొందరే. అందుకని వాళ్లు గాలివాటం చూడడానికి బెలూన్ ఎగరేసినట్టు ఒక్కో సదుపాయాన్ని కోడులో ఒకే ఒక్క చోట వాడతారు. ఆ చోటు అందరూ కంపైల్ చేసేదై ఉండాలి, అవసరమైతే సులువుగా వెనక్కి తీసుకునేలా ఉండాలి. కొన్ని విడుదలల దాకా ఫిర్యాదు రాకపోతే ఆ సదుపాయాన్ని అంతటా అనుమతిస్తారు. స్ట్రక్చర్ సభ్యుల పేర్లు పెట్టి విలువలిచ్చే పద్ధతిని ఇలా 2017లో పరీక్షించారు. ఫర్ లోపల డిక్లేర్ చేయడాన్ని 2021 చివర్లో పరీక్షించారు. అదే సమయంలో ప్రమాణ సంఖ్య 199901 కంటే తక్కువైతే కంపైలేషన్‌ను ఆపే కొన్ని లైన్లు కూడా పెట్టారు, ఎలా దాటుకోవాలో పక్కనే రాశారు. సైజ్ రకాన్ని ముద్రించే జెడ్ ఫార్మాట్‌ను మాత్రం దూరంగానే ఉంచారు. అది కూడా సి99లోదే, కాని విండోస్ పాత లైబ్రరీకి తెలియదు.

ఆ ప్రయాణంలో ఒక వింత జరిగింది. డెవలపర్లు పొరపాటున సి11 సదుపాయాలు వాడితే పట్టుకోవాలని వాళ్ల బిల్డుల్లో గ్నూ99 ఆప్షన్ పెట్టారు. ఫ్రీబీఎస్‌డీ 13 మీద అది బెడిసికొట్టింది. గిట్ కోడు బాగానే ఉంది, ఆ వ్యవస్థ సొంత హెడర్లే సి11 సదుపాయం వాడుతున్నాయి! చివరికి ఫ్రీబీఎస్‌డీకి ఆ ఆప్షన్ తీసేశారు.

పోస్ట్‌గ్రెస్ 2019లో విడుదలైన 12వ వెర్షన్‌తో సి99 తప్పనిసరి చేసింది, కాని ప్రమాణం మొత్తాన్ని తలకెత్తుకోలేదు. పరిమాణం ముందు తెలియని అరేలు, కోడు మధ్యలో డిక్లరేషన్లు, రెండు స్లాష్‌ల వ్యాఖ్యలు వాళ్ల నియమావళిలో నిషిద్ధం. చివరిది కేవలం ఆచారం, అయినా తప్పేమీ కాదు. ప్రమాణం అనుమతించిందంటే వాడి తీరాలని ఎక్కడా లేదు. డేటా బదిలీ సాధనం కర్ల్, చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్ అయితే సి89 దగ్గరే ఉన్నాయి. దాన్ని వెనకబాటుతనం అనలేను. ఎక్కడపడితే అక్కడ ఇమిడిపోవడమే ఆ రెండింటికీ బలం.

పైథాన్‌ది ఇంకో పాఠం. దాని ఇంటర్‌ప్రెటర్ 3.11 నుంచి సి11లో ఉంది. బయటివారు తమ మాడ్యూళ్లలో చేర్చుకునే హెడర్లను మాత్రం సి99తోనూ సి++తోనూ పొసిగేలా ఉంచుతారు. ఇది చాలా ప్రాజెక్టులు మరిచిపోయే విషయం. మీ సొంత ఫైళ్లు మీరు ఎంచుకున్న ఆప్షన్లతో కంపైల్ అవుతాయి. మీ హెడర్ మాత్రం ఎవరి ఆప్షన్లతో కంపైల్ అవుతుందో మీకు తెలియదు. అందులో సి23 కొత్త కీలక పదం ‘నల్‌పాయింటర్’ పెట్టారంటే మీ లైబ్రరీని సిలో వాడే ప్రతి ఒక్కరినీ సి23కి ఈడుస్తున్నట్టే. రిస్ట్రిక్ట్ అన్న పదం సి99లోదే అయినా సి++ దాన్ని ఇప్పటికీ గుర్తించదు.

ఇప్పుడైతే ఏది?

ఈరోజు కొత్తగా నిర్ణయం తీసుకునే ప్రాజెక్టుకు నా ఓటు సి11కే. జీసీసీ 4.8తో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7 నిర్వహణ గడువు 2024 జూన్‌తో ముగిసింది కాబట్టి వెనక్కి లాగే పెద్ద బరువు ఒకటి తగ్గింది. మైక్రోసాఫ్ట్ వైపు 2020 తర్వాతి కంపైలర్ చాలు. కంపైల్ సమయంలోనే షరతులు పరీక్షించే అసర్షన్లు, పేరులేని స్ట్రక్చర్లు, థ్రెడ్ల మధ్య మెమరీ ఎలా ప్రవర్తించాలో చెప్పే నియమాలు దీంతో దక్కుతాయి. మరో థ్రెడ్ మధ్యలో దూరకుండా ఒకే దెబ్బలో ముగిసే అటామిక్‌ల దగ్గర కొంచెం ఆచితూచి అడుగు వేయాలి. మైక్రోసాఫ్ట్‌లో అవి ఆలస్యంగా వచ్చాయి. కొన్ని 32 బిట్ల ప్రాసెసర్లలో 64 బిట్ల అటామిక్ కావాలంటే మరో లైబ్రరీని లింక్ చేయాలి, అది బిల్డ్ చివరి అంకంలో గాని తెలియదు.

సి23ని కనీస హద్దుగా పెట్టడానికి ఇంకా సమయం ఉంది. అయితే దాని కోసం కోడును ఇప్పుడే సిద్ధం చేయడానికి ఖర్చు తక్కువే. ఖాళీ కుండలీకరణాల్లో వాయిడ్ రాయడం, సొంత బూల్‌ను తీసేసి సి99 హెడర్‌ను వాడడం చాలావరకు సరిపోతాయి. ఆ తర్వాత సి11తోనూ సి23తోనూ రెండుసార్లు కంపైల్ చేసి చూస్తుండాలి. సి23లో నిజంగా ఆశపెట్టేది పొంగిపోయే కూడికలను, గుణకారాలను పట్టిచ్చే కొత్త హెడర్. దాని కోసం ఆగనక్కరలేదు. జీసీసీలో అదే పని చేసే అంతర్గత ఫంక్షన్లు 2015లో వచ్చిన 5వ వెర్షన్ నుంచీ ఉన్నాయి, క్లాంగ్‌లోనూ ఉన్నాయి. ప్రాజెక్టు సొంత హెడర్ ఒకదానిలో సి23 పేర్లతోనే మాక్రోలు రాసి, వ్యవస్థలో అసలు హెడర్ ఉంటే దాన్ని, లేకపోతే ఈ అంతర్గత ఫంక్షన్లను పిలిచేలా చేస్తే చాలు. ఏదో ఒక రోజు సి23 కనీస హద్దు అయినప్పుడు ఆ మాక్రోలను తొలగించడమే మిగులుతుంది, వాటిని వాడిన చోట ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు.